ముంజేతికి కట్టిన స్కేలు

అమీర్‌పేటలో ఏ సందులోకి తొంగిచూసినా ఒక కోర్సు కనిపిస్తుంది. నలభై అయిదు రోజుల్లో ఇది, అరవై రోజుల్లో అది, మొదటి రెండు క్లాసులూ ఉచితం. ఆ బోర్డుల మధ్య ఒక రేకుల షెడ్డు గోడ మీద ఎండకు వెలిసిపోయిన ఫ్లెక్సీ ఉండేది: ‘రాజమల్లు షటిల్ కోచింగ్ – మణికట్టు స్పెషలిస్ట్’. మొదటిసారి చూసినప్పుడు ఎవరో ఎముకల వైద్యుడనుకుని నవ్వాను. ఆ తర్వాత అయిదేళ్ళపాటు, వారానికి ఆరు రోజులు, నా కూతుర్ని ఆ ఫ్లెక్సీ కిందనుంచే లోపలికి పంపించాను.

నా పేరు కామరాజు. మాది తణుకు. పంజాగుట్టలో ఇన్సూరెన్స్ ఆఫీసులో పని, ఎస్.ఆర్. నగర్‌లో అద్దె ఇల్లు. ఇది నా కథ కాదు కాబట్టి నా గురించి ఇంతకన్నా అక్కర్లేదు. కాకపోతే ఇందులో నేను చేసిన వెధవ పని ఒకటుంది. దాని చోటు వచ్చినప్పుడు చెబుతాను, దాచను.

రాజమల్లుకి యాభై నాలుగేళ్ళు. పీలగా, వంగినట్టుండే మనిషి. కుడి ముంజేయి మాత్రం ఎడమదానికి ఒకటిన్నర రెట్లుండేది. ఆ వయసులో కూడా అతను ఎగిరి స్మాష్ కొడితే ఆ చప్పుడు రేకులకు తగిలి, బయట మిర్చి బజ్జీల బండి దాకా వినిపించేది. స్మాష్ అంటే తల మీదుగా వచ్చే షటిల్‌ని అవతలి కోర్టులోకి బలంగా కిందికి దించే దెబ్బ. ఆదివారాలు సరదాగా ఆడటానికి వచ్చే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు అతనికి ఎదురు నిలబడేవాళ్ళు. షటిల్ కాళ్ళ దగ్గర పడిపోయాక రాకెట్ ఆడించేవాళ్ళు.

“భుజం కాదు సార్, రెక్క కాదు,” అని కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని చూపించేవాడు. “మొత్తం గీ కీలులనే ఉంది.”

ఆ నమ్మకం అతనికి ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి. వాళ్ళది సిరిసిల్లలో మగ్గం నేసిన కుటుంబం. మగ్గం కూడు పెట్టడం మానేశాక తండ్రి పంజాగుట్ట వచ్చి ఒక టైలరింగ్ షాపులో కటింగ్ మాస్టరుగా కుదిరాడు. రాజమల్లు పదహారేళ్ళకి ఆ దగ్గర్లోనే ఒక క్లబ్బులో పనికి చేరాడు. నెట్లు కట్టడం, సున్నపు గీతలు గీయడం, షటిళ్ళు ఏరడం అతని పని. సభ్యుల్లో నాలుగో మనిషి రాని రోజున మాత్రం, “ఏయ్, నువ్వు నిలబడు” అనేవాళ్ళు. చెప్పుల్లేని కాళ్ళతో నిలబడేవాడు. ఎవరూ ఏమీ నేర్పలేదు. చూసి చూసి నేర్చుకున్నాడు.

ఒక సాయంత్రం అతను కొట్టిన స్మాష్ చూసి, బెంచీ మీద కూర్చున్న ఓ పెద్దాయన టీ కప్పు పక్కన పెట్టి లేచాడట. “వాహ్! క్యా కలాయీ హై!” అన్నాడట. కలాయీ అంటే మణికట్టు. ఆహా, ఏం మణికట్టురా అని. అంతకుముందు ఆ క్లబ్బులో అతన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళే లేరు. అలాంటిది ఒకడు లేచి నిలబడి మెచ్చుకున్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు యాభై నాలుగేళ్ళ మనిషి మొహం పదహారేళ్ళ పిల్లాడి మొహమైపోయేది.

ఈ హైదరాబాదుకు మణికట్టు పిచ్చి ఎక్కువ. బ్యాట్ పట్టినవాడు ఫోరు కొడితే మణికట్టు. పతంగి పేచీలో గెలిస్తే మణికట్టు. క్యారమ్స్‌లో రెడ్ పడితే మణికట్టు. ఆఖరికి ఇరానీ హోటల్లో చాయ్ ఒలక్కుండా పోసినవాడికి కూడా అదే సర్టిఫికెట్. ఇక్కడ ఏ ఆటలో ఏ గొప్పతనం కనిపించినా దాన్ని తీసుకొచ్చి ఆ ఒక్క కీలుకే అంటగడతారు. ఆ పెద్దాయన కూడా అలవాటుగా అదే అన్నాడు. పాపం, చూసి అన్నాడో చూడక అన్నాడో ఆయనకే తెలియాలి. విన్నవాడు మాత్రం దాని మీద ఒక జీవితం కట్టుకున్నాడు.

పిల్లలకు నేర్పడం మొదలుపెట్టాక రాజమల్లు దానికో పద్ధతి కూడా కనిపెట్టాడు. బలమంతా మణికట్టుదైతే ముంజేయి కదలకూడదు కదా. “ముంజేయి తిరిగితె బలం ఆడికాడనే ఒలికిపోతది” అనేవాడు. అందుకని తండ్రి పోయాక మిగిలిన టైలరింగ్ స్కేళ్ళను, ఆ చెక్కవాటిని, ముక్కలు కోశాడు. కొత్తగా చేరిన ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లాడికీ మోచేతి నుంచి మణికట్టు దాకా ఆ ముక్క పెట్టి గుడ్డ పేలికలతో బిగించి కట్టేవాడు. పేలికలు అతని భార్య కొమురమ్మ ఇచ్చేది. ఆమె చీరలకు ఫాల్స్ కుడుతుంది. మొదటి ఆరునెలలూ ఏ దెబ్బయినా ఆ స్కేలుతోనే కొట్టాలి, ఆ తర్వాత స్మాష్ సాధన మాత్రం ఎన్నేళ్ళయినా దాంతోనే. ముంజేయి మెలితిప్పడానికి వీల్లేదు, మణికట్టుని మాత్రం కొరడాలాగా ఝాడించాలి.

మాకు, అంటే తల్లిదండ్రులకు, ఆ స్కేలు మహా నచ్చింది. అమీర్‌పేటలో ఏ చదువుకైనా ఒక మెటీరియలుండాలి, చేతికి తగలాలి. ఇంకెక్కడా లేని రహస్యమేదో ఇక్కడ దొరుకుతోందని మురిసిపోయాం. మా ధాత్రి రెండో ఏడు మణికట్టు నొప్పని ఏడిస్తే స్ప్రే కొని కొట్టాను. “నొస్తుందంటె పని చేస్తుందన్నట్టు” అన్నాడు మాస్టారు. సరే అన్నాను. పిల్ల ఏడుపు కన్నా మాస్టారి మాట మీద నాకు గురి ఎక్కువ.

అందరికన్నా ముందు ఆ స్కేలు కట్టించుకున్నది నిరోష. రాజమల్లుకి ఒక్కతే కూతురు. ఆరేళ్ళప్పుడు మొదలుపెట్టాడు. తెల్లారి అయిదింటికి షెడ్డులో, సాయంత్రం బడి అవగానే మళ్ళీ షెడ్డులో. చూసినవాళ్ళు చెప్పగా విన్నాను, ఆ పిల్ల కోర్టులో తిరుగుతుంటే కాళ్ళ చప్పుడు వినపడేది కాదట. నెట్ దగ్గర ఆట బంగారమట. ఒక్క స్మాషే లేదు. ఎంత చక్కగా పాయింటు అల్లుకొచ్చినా చివర్లో ముగించే దెబ్బ ఉండేది కాదు. కొట్టిన షటిల్ తేలుతూ వెళ్ళి అవతలివాళ్ళ చేతికి అందేది.

పదిహేడేళ్ళప్పుడు రాష్ట్ర జట్టు సెలెక్షన్ మ్యాచ్‌లో, మూడో గేమ్ దాకా లాక్కొచ్చి ఓడిపోయింది. అది గెలిస్తే జట్టులో ఉండేది. రాజమల్లు కోర్టు పక్కనే నిలబడి, పదిమందీ వింటుండగా, “చేతుల దమ్ము లేదే నీకు. నా బిడ్డవని చెప్పుకోనీకి సిగ్గైతుంది” అన్నాడు. ఆ మాట అతనే నాకు చెప్పాడు, అన్నందుకు ఏమీ అనిపించనట్టు. నిరోష రాకెట్లు సంచీలో పెట్టి జిప్పు వేసి ఇంటికెళ్ళి అల్మారా మీదకి ఎక్కించింది. మళ్ళీ దించలేదు. డిగ్రీ చదివి మైత్రీవనంలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో కౌన్సిలర్‌గా చేరింది. వచ్చినవాళ్ళకి ఏ కోర్సు చేరితే ఏ ఉద్యోగమొస్తుందో చెప్పే పని. ఎర్రగడ్డలో రెండు గదుల ఇంట్లో ముగ్గురూ ఉంటారు. ఆ ఏడేళ్ళలో తండ్రీ కూతుళ్ళ మధ్య నడిచిన మాటలు రెండే: తిన్నవా, తిన్న.

ఇంకో మాట కూడా చెప్పాలి. షెడ్డులో ఏ పిల్ల స్మాష్ మెత్తగా పడినా రాజమల్లు, “ఏందే, మా నిరోష లెక్క జేస్తున్నవ్? గట్లైతే రేపు మైత్రీవనంల కుర్చీల కూసుంటవ్” అనేవాడు. మేం నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను, ఒక్కసారి కాదు. నిరోష మొహం కూడా నేను అప్పటికి చూడలేదు.

కిందటి వేసవిలో ఒక ఆదివారం. ధాత్రికి పదమూడు నిండాయి. నా కొత్త ఫోనులో వీడియోని బాగా నెమ్మదిగా చూపించే ఏర్పాటుంది. సార్ స్మాష్‌ని అలా తీస్తానంది. రాజమల్లు సంబరపడిపోయాడు. తల దువ్వుకుని, కాలరున్న టీషర్ట్ వేసుకొచ్చాడు. నేను అవతలి నుంచి షటిళ్ళు ఎత్తుగా లేపాను. పది కొట్టాడు, పదీ తూటాల్లా దిగాయి. ధాత్రి బెంచీ మీద కూర్చుని కాసేపు ఫోను చూసుకుంది. మొహం చిట్లించి, మళ్ళీ చూసుకుంది. లేచి వచ్చింది.

“సార్, మీరు మాకు చెప్పేది మీరు చేయట్లేదు,” అంది.

పిల్లలకు మాట నానబెట్టి చెప్పడం రాదు. రాజమల్లు నవ్వుతూ ఫోను తీసుకున్నాడు. నేనూ అతని భుజం మీంచి చూశాను.

తెర మీద రాజమల్లు మెల్లగా గాల్లోకి లేస్తున్నాడు. రాకెట్ వీపు వెనక్కి వెళ్ళి పైకి వస్తోంది. పైకి వస్తున్నప్పుడు దాని అంచు షటిల్ వైపు ఉంది, కత్తి పట్టుకున్నట్టు. అరచేయి అతని చెవి వైపు చూస్తోంది. షటిల్ దగ్గరికొచ్చిన ఆఖరి క్షణంలో, మోచేతి కిందనుంచి ముంజేయి మొత్తం లోపలికి గిర్రున తిరిగింది. ఆ తిప్పుడుకి రాకెట్ ముఖం మళ్ళి షటిల్‌ని ఎదురుగా కొట్టింది. దెబ్బ అయ్యాక అరచేయి బయటి వైపుకి తిరిగిపోయి ఉంది. మణికట్టు వంగిందా అంటే లేదు. ముంజేయి ఎటు తీసుకెళితే అటు వెళ్ళింది, అంతే. మేమంతా అయిదేళ్ళుగా కట్టేయించుకున్నదే అతని చేతిలో పని చేస్తోంది.

“మళ్ళ పెట్టు,” అన్నాడు రాజమల్లు. పెట్టింది. మళ్ళీ అన్నాడు. మళ్ళీ పెట్టింది. నాలుగోసారికి అతని నవ్వు పోయింది.

“ఫోన్ల తప్పు పడ్డది. గిటు దిక్కు నుంచి తియ్యి,” అన్నాడు. రెండో పక్కనుంచి తీసింది. అందులోనూ అదే. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నవాడికి నాలుగో కాలు తన చంకలోనే దొరికింది.

మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి నన్ను రమ్మన్నాడు. పిల్లలింకా రాలేదు. ఒక స్కేలు ముక్క, పేలికలు నా చేతిలో పెట్టి కుడిచేయి చాపాడు. “జర గట్టిగ కట్టుండ్రి సార్. పోరగాండ్లకు కట్టినట్టే.” పద్దెనిమిదేళ్ళుగా ఊళ్ళో పిల్లలందరికీ కట్టినవాడు ఒక్కనాడూ తన చేతికి కట్టుకుని చూడలేదట. కట్టాను. అవతలికెళ్ళి షటిల్ లేపాను.

మొదటిది నెట్‌కి తగిలింది. రెండోది టిక్ మని తేలుతూ కోర్టు మధ్యలో పడింది. మూడోది, నాలుగోది అంతే. అతను పళ్ళు బిగించి కొట్టాడు. అరిచి కొట్టాడు. ముప్ఫై షటిళ్ళు లేపి ఉంటాను. ఒక్కటి కూడా దిగలేదు. అచ్చం మా ధాత్రి కొట్టినట్టే, అచ్చం అక్కడ నేర్చుకునే ప్రతి పిల్లా కొట్టినట్టే ఉంది. స్కేలు విప్పమన్నాడు. విప్పాక ఒక్కటి కొట్టాడు. ఆ చప్పుడుకి రేకుల మీది పావురాలు లేచాయి. ఆ ఒక్కటి కొట్టి కోర్టు మధ్యలో చతికిలబడ్డాడు.

“నా చెయ్యి మంచిగనే చేస్తుంది సార్,” అన్నాడు. “నోరే తప్పు చెప్పింది.”

నాకూ ఒళ్ళు మండుతోంది. నా కూతురు నొప్పితో గడిపిన రాత్రులు గుర్తొస్తున్నాయి.

“నిరోషకు పదకొండేండ్లు కట్టిన,” అన్నాడు స్కేలు ముక్క చేతిలోకి తీసుకుని. “పదకొండేండ్లు కట్టి, పదిమందిల దమ్ము లేదన్న. గీ మాట దానికి చెప్పాలె సార్. తప్పు దానిది కాదని చెప్పాలె. ఇగ అదొక్కటే ఉంది నాకు పని.”

ఆ సాయంత్రమే పిల్లలందరి చేతులూ విప్పేశాడు. మర్నాటి నుంచి కొత్త పాఠం మొదలెట్టాడు. రాకెట్‌ని గట్టిగా పిసక్కుండా, చేయి కలిపినట్టు వదులుగా పట్టుకోమన్నాడు. మోచెయ్యి ముందు పైకి రావాలి, ముంజేయి తర్వాత తిరగాలి, షటిల్ తగిలే వేళకే పిడికిలి బిగియాలి. ఖాళీ చేతులతో, గోడ వైపు తిరిగి, తాళం తిప్పినట్టు ముంజేతులు తిప్పించాడు. స్కేలుకి అలవాటైన పిల్లలు భయంభయంగా తిప్పారు. మూడో వారానికి మా ధాత్రి రాకెట్ నుంచి మొదటిసారి ఆ చప్పుడు వచ్చింది. అది నన్ను చూసి నవ్వింది. మణికట్టు నొప్పి ఏమైందంటే, నొప్పా, ఏ నొప్పి అంది.

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. రాజమల్లు ఊరుకోలేదు. ఒక ఆదివారం తల్లిదండ్రులందరినీ పిలిచి, ప్లాస్టిక్ కుర్చీలు వేయించి, నిలబడి చెప్పాడు: “ఇన్నొద్దులు నేను మీ పిల్లలకు తప్పు నేర్పిన. తెల్వక నేర్పిన. ఇప్పుడు తెలిసింది. మారుస్త.” అంతే. ఆ షెడ్డు కిరాయికిచ్చిన దుర్గేష్ వెనక నిలబడి విన్నాడు. మీటింగ్ అవగానే తల పట్టుకున్నాడు.

“ఏంటి రాజమల్లూ, ఎవడైనా తన దుకాణం సరుకు కల్తీదని తనే చెప్పుకుంటాడా? మెల్లగా మార్చేస్తే ఎవడికి తెలిసేది?”

దుర్గేష్ మాటే నిజమైంది. అబద్ధం చెప్పినంత కాలం నలభైమంది పిల్లలున్న బ్యాచ్, నిజం చెప్పాక నెల తిరిగేసరికి తొమ్మిదికి దిగింది. పంజాగుట్టలో కొత్తగా చెక్క ఫ్లోరుతో, ఏసీతో ఒక అకాడమీ తెరిచారు. అందరూ అక్కడికి పోయారు. అక్కడ స్కేలు లేదు, చేతికి రంగురంగుల రబ్బరు పట్టీలున్నాయి. అవి ఎందుకో ఏ తల్లీ తండ్రీ అడగలేదు.

నేనూ అడగలేదు. ఇదే నేను చేసిన వెధవ పని. ధాత్రిని మానిపించి అక్కడ చేర్చాను. “సార్ ఇప్పుడే కదా నాన్నా కరెక్ట్‌గా చెప్తున్నారు,” అంది అది. “అయిదేళ్ళు తప్పు చెప్పినవాణ్ణి ఆరో ఏడు ఎలా నమ్ముతాం,” అన్నాను. చాలా తెలివైన మాట అన్నాననుకున్నాను. తప్పు చెప్పినన్నాళ్ళూ నమ్మి, ఒప్పు చెప్పిననాడు వదిలేసినవాణ్ణి ఏమనాలో మీరే అనుకోండి.

రెండు నెలల తర్వాత అమీర్‌పేట మెట్రో మెట్ల కింద చాయ్ బండి దగ్గర ఎదురుపడ్డాడు. నేను తప్పించుకోబోయాను. అతనే పిలిచాడు. నిష్ఠూరం ఏమీ లేదు. ధాత్రి మోచెయ్యి పైకెత్తుతోందా అని అడిగాడు. ఎత్తుతోందన్నాను. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, “నిరోషకు చెప్పారా మాస్టారూ?” అని అడిగాను.

“లేదు సార్.” చాయ్ గ్లాసులోకి చూశాడు. “గంతమంది ముంగట లేచిన నోరు ఇంట్ల లేస్తలేదు. పొద్దుగాల టిఫిన్ డబ్బా పట్టుకుని పోతది. చెప్దామంటె తిన్నవా అని వస్తది నోట్లకెల్లి.” గ్లాసు బండి మీద పెట్టి, “మీరు సుత రాండ్రి సార్. పక్కకు మనిషుంటె చెప్పగల్గుతనేమో,” అన్నాడు.

సిగ్గుతో ఒప్పుకున్నాను. ఆ శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకి మైత్రీవనం వెళ్ళాం. కింద కరపత్రాలు పంచేవాళ్ళు మా ఇద్దరి చేతుల్లోనూ నాలుగేసి కోర్సులు పెట్టారు. రాజమల్లు వాటిని పారేయకుండా మడిచి జేబులో పెట్టుకున్నాడు. నిరోష మూడో అంతస్తు నుంచి దిగి వచ్చింది. మెడలో ఐడీ కార్డు, జడ బిగించి వేసుకుంది. ఎత్తుగా, తీరుగా ఉన్న పిల్ల. తండ్రి పోలికే. ఆమెను చూడగానే, షెడ్డులో నేను నవ్విన నవ్వులు గుర్తొచ్చి తల దించుకున్నాను.

“ఏమైంది బాపు? అమ్మ మంచిగున్నదా?” అంది కంగారుగా. అతను ఎప్పుడూ అక్కడికి రాలేదట.

“మంచిగనే ఉన్నది. తిన్నవా?”

“ఇంక లేదు.”

మెట్ల పక్కన జెరాక్స్ షాపు ముందు నిలబడ్డాం. నేను దగ్గాను. రాజమల్లు ఒక్కసారిగా మొదలుపెట్టి ఆపకుండా చెప్పేశాడు. వీడియో గురించి, స్కేలు కట్టుకుని కొట్టి చూడటం గురించి, పిల్లలు పోవడం గురించి. “తప్పు నీది కాదు బిడ్డా. నీ చేతుల దమ్ము ఉండె. నేనే కట్టేసిన,” అని ఆపాడు. వయసుమళ్ళిన మగాడు నడిబజారులో కళ్ళు తుడుచుకుంటుంటే నేను రోడ్డు వైపు చూశాను.

నిరోష ఏడవలేదు. ఆశ్చర్యపోనూ లేదు.

“నాకు ఎరుకే బాపు,” అంది.

“ఏం ఎరుక?”

“ముంజేయి తిరగాలని. పదహారేండ్లప్పుడు ఎండకాలం క్యాంపుకు పోయిన గద, రెండు వారాలు. ఆడ మేడమ్ మొదటి రోజే చెప్పింది. పది దినాలల్ల వచ్చింది నాకు.” ఆమె గొంతు రోజూ కోర్సుల వివరాలు చెప్పే గొంతులాగే ఉంది, ఎత్తుపల్లాలు లేకుండా. “ఇంటికొచ్చి షెడ్డుల నీకు కొట్టి చూపిచ్చిన. యాదికి లేదా? సౌండ్ అచ్చం నీ సౌండే వచ్చింది. అందరు మల్లి చూసిండ్రు. నువ్వొక్కనివే ఇనలే. చెయ్యి తిరిగిందని చూసినవ్. ఎవడు నేర్పిండే గీ అడ్డగోలు షాటని స్కేలు కట్టినవ్. నెల దినాలు ఇప్పలే. అన్నం కలుపుకోనీకి రాకపోతుండె. అమ్మ పెడ్తుండె.”

గుర్తుందని రాజమల్లు మొహమే చెబుతోంది.

“మరి సెలెక్షన్ల ఎందుకు కొట్టలే బిడ్డా?” అన్నాడు. “ఆనాడు స్కేలు లేదు గద చేతికి. వచ్చినప్పుడు కొట్టుడు గద. గెలుస్తుంటివి గద!”

ఇంత జరిగాక కూడా ఆ మనిషి గొంతులో కోచ్ లేచి కూర్చున్నాడు. నాకు అతని మీద జాలి పోయి కోపమే వచ్చింది.

“నువ్వు కోర్టు పక్కకే నిలబడ్డవ్ గద బాపు,” అంది నిరోష.

“నిలబడితె?”

“ఒకటి కొట్టిన. మొదటి గేమ్ల, పదకొండు పదకొండున్నప్పుడు. ముంజేయి తిప్పి కొట్టిన. ఆ పిల్ల రాకెట్ సుత లేపలే. పాయింట్ వచ్చింది. నీ దిక్కు చూసిన.” మెడలో ఐడీ కార్డు సర్దుకుంది. “నువ్వు తల అవతలికి తిప్పుకున్నవ్. ఇగ మళ్ళ కొట్టలే.”

పైనుంచి ఎవరో ఆమె పేరు పెట్టి పిలిచారు. కొత్త బ్యాచ్ డెమో క్లాసు ఉందట, చేరేవాళ్ళు వచ్చి కూర్చున్నారట. వస్తున్నానని చేయి ఊపింది.

“ఒక్కసారి షెడ్డుకు రా బిడ్డా,” అన్నాడు రాజమల్లు. “నువ్వే నేర్పు పోరగాండ్లకు. నేను పక్కకు కూసుంట. ఏం మాట్లాడ.”

“రాను బాపు. కోపం లేదు. నీ మీద గాని ఎవ్వల మీద గాని ఏం లేదు. ఆట మీదనే పానం లేదు.” నా వైపు తిరిగి, “వస్త అంకుల్,” అని మర్యాదగా చెప్పి మెట్లెక్కింది. అన్నం మాటే మరిచిపోయింది.

మేం బయటికి వచ్చాం. రాజమల్లు మెట్రో స్తంభం నీడలో నిలబడిపోయాడు. బస్సులు, ఆటోలు, హారన్లు.

“తల తిప్పుకున్నది నాకు యాదికి లేదు సార్.”

“ఏడేళ్ళయింది కదా మాస్టారూ,” అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

“అందుకు కాదు. మ్యాచ్ మొత్తం యాదికున్నది. పదకొండు పదకొండు సుత యాదికున్నది. పన్నెండైంది, అప్పుడు స్కోరు బోర్డు దిక్కే చూస్తున్న.” కుడి అరచేయి ఒకసారి తెరిచి మూశాడు. “పాయింట్ ఎట్ల వచ్చిందో చూడలే సార్. నా బిడ్డ కొట్టింది నేను చూడలే.”